వారమునకు ఒక్క దినమే



కాపరులకు మందుబిళ్ళలతో పనేమిటని ఈ నెల మా శీర్షిక చూసి కొందరికి అనిపించవచ్చు. అయితే కేన్సరుతో ఉన్నవారి ఇండ్లకు ప్రార్థనకు వెళ్ళే కాపరి ఎవరినైనా అడగండి. ప్రార్థన ముగిసి అందరూ ఆమేన్ అన్న తరువాత ఆ ఇంటి తల్లి లోపలినుండి ఒక ప్లాస్టిక్ కవరు తెస్తుంది. "అయ్యగారూ, ఈ చీటీలో ఏం రాశారో కాస్త చదివి చెప్తారా?" అంటుంది. ఆ సమయానికి ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవారు మేమొక్కరమే కావచ్చు. అందుకే ఈ సంగతులు తెలిసిన వైద్యులను అడిగి, మా సంఘంలో చూచినవి కూడా కలిపి వ్రాస్తున్నాము. మేము వైద్యులము కాము. ఎవరికి ఎంత మోతాదో చెప్పవలసినది వారి డాక్టరుగారే.

కీమోథెరపీ అనగానే మనకు సెలైను సీసా, ఊడిపోయిన జుట్టు గుర్తుకు వస్తాయి. కాని కీమో అంతా సీసాలోనే ఉండదు. బిళ్ళల రూపంలో ఇంటికి వచ్చే కీమో కూడా ఉంది. ఆసుపత్రిలో అయితే నర్సమ్మ గారు పేరు అడిగి, కేసుషీటు చూచి, ఇంకొకరితో సరిచూపించి మందు ఎక్కిస్తారు. ఇంటికి వచ్చిన బిళ్ళకు ఆ కాపలా ఏదీ లేదు. అది ఫ్రిజ్ మీదనో, గోడకు మేకుకు తగిలించిన సంచిలోనో, తాతగారి షుగరు బిళ్ళల పక్కనో ఉంటుంది. అక్కడ నర్సు, కాంపౌండరు, డాక్టరు అన్నీ ఆ తల్లే.

అలా ఇండ్లకు వచ్చే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఈ మందు విషయంలో ఒకే రకమైన పొరపాటు అనేక దేశాలలో మళ్ళీ మళ్ళీ జరుగుతూ వచ్చింది. ఆ పొరపాటు ఏమిటో చెప్పేముందు ఈ మందుకూ మన తెలుగు నేలకూ ఉన్న బంధం చెప్పాలి. మన పిల్లలకు సినిమావాళ్ళ పుట్టినరోజులు తెలుసు గాని ఈ మనిషి పేరు తెలియదు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. పేగులను పాడుచేసే స్ప్రూ అనే జబ్బుతో సొంత అన్నను పోగొట్టుకున్నారు. అమెరికా వెళ్ళి హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఎన్నో ఏండ్లు పరిశోధన చేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆకుకూరలలో ఉండే విటమిను అది. గర్భిణీ స్త్రీలకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇచ్చే ఐరను బిళ్ళలో కూడా ఉంటుంది. తరువాత అదే బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకొనే మందులను చేసింది. వాటిలో ఒకదానిని బోస్టను నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుగారు రక్త కేన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి చూచారు. అప్పటివరకు ఆ పిల్లలకు వైద్యమే లేదు. కొద్ది వారాలలోనో నెలలలోనో చనిపోయేవారు. 1948లో ఆయన ప్రకటించిన నివేదికలో 16 మంది పిల్లలలో 10 మంది తేరుకున్నారు. అది కొంతకాలమే నిలిచింది. అయినా మందుతో రక్త కేన్సరును వెనుకకు నెట్టవచ్చునని లోకానికి తెలిసింది. సుబ్బారావు గారు అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏండ్లకే కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువు వంటిదే మెథోట్రెక్సేట్. 70 ఏండ్లు దాటినా ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. మన శరీరంలో ఒక కణం రెండు కావాలంటే ఫోలిక్ యాసిడ్ అవసరం. మెథోట్రెక్సేట్ తాళంలో దూరి తిరగని మారు తాళంచెవి లాంటిది. అది ఇరుక్కుంటే అసలు తాళంచెవికి చోటుండదు, కణం పెరగలేదు. కేన్సరు కణాలు తొందర తొందరగా పెరిగేవి గనుక వాటికి పెద్ద దెబ్బ తగులుతుంది. అయితే తొందరగా పెరిగే మంచి కణాలు కూడా మనలో ఉన్నాయి. నోటిలోని పల్చని పొర, పేగుల లోపలి పొర, ఎముకల మూలుగులో రక్తాన్ని తయారుచేసే కణాలు అటువంటివి. మందుకు మంచీ చెడూ తెలియదు. అందుకని వారంలో ఒక్క దినం దెబ్బ కొట్టి, మిగిలిన ఆరు దినాలు వదిలిపెడతారు. ఆ ఆరు దినాలలో మంచి కణాలు తేరుకొంటాయి. ఆ విరామం కూడా చికిత్సలో భాగమే. దాన్ని తీసివేస్తే, మోతాదు చిన్నదైనా సరే, మూలుగు ఎండిపోతుంది, నోరు పుండవుతుంది, పేగులు పాడవుతాయి. వారానికొకసారి వేసుకోవలసిన బిళ్ళను కొద్ది దినాలపాటు ప్రతిదినం వేసుకొని మరణించినవారి ఉదంతాలు అనేక దేశాలలో నమోదై ఉన్నాయి. మేము చెప్పదలచిన పొరపాటు ఇదే.

(ఆసుపత్రిలో ఇంజక్షనుగా ఇచ్చేటప్పుడు లెక్కలు వేరుగా ఉంటాయి. ముత్యాల గర్భం తరువాత వచ్చే కేన్సరుకు ఒక్కొక్కసారి వారంలోనే కొన్ని దినాలు ఇస్తారు. ఇక్కడ మేము వ్రాస్తున్నది ఇంట్లో మింగే బిళ్ళ గురించి మాత్రమే.)

మా సంఘంలో జరిగినది చెబుతాము. ఎనిమిదేండ్ల బాబు, రక్త కేన్సరు. పెద్ద చికిత్స అయిపోయి, బిళ్ళలతో నడిచే రెండో దశకు వచ్చాడు. దాన్ని మెయింటెనెన్స్ అంటారు. ఈ దశలో సాధారణంగా మెర్కాప్టోప్యూరిన్ అనే బిళ్ళ ప్రతి రాత్రి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రాత్రి ఉంటాయి. ఊపిరితిత్తులకు ఒక రకమైన జబ్బు రాకుండా ఇంకొక బిళ్ళ వారంలో రెండు మూడు దినాలు ఇస్తారు. అంటే మూడు బిళ్ళలు, మూడు లెక్కలు. ఇది ఏండ్ల తరబడి సాగాలి. చదువుకున్నవారికే కష్టమైన లెక్క ఇది. ఆ తల్లి మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆమె చెల్లెలికి పురుడు వచ్చి ఊరు వెళ్ళవలసి వచ్చింది. బాబును అమ్మమ్మకు అప్పగించింది. రెండు బిళ్ళలూ లేత పసుపు రంగువే. రెండు షీట్లూ ఒకే కవరులో ఉన్నాయి. "ఇది రోజూ, ఇది ఆదివారం" అని బస్సెక్కే తొందరలో చెప్పిన మాట అమ్మమ్మ మనసులో తారుమారైంది. ఆరు రాత్రులు ఆమె వారపు బిళ్ళలను ప్రతిదినం వేసింది. నిర్లక్ష్యం ఏమీ లేదు. ప్రతి రాత్రి మోకరించి ప్రార్థన చేసి, మనుమడి తలమీద చెయ్యి పెట్టి మరీ వేసింది.

ఏడో దినానికి బాబు అన్నం మింగలేకపోయాడు. నోరంతా పూత. ఊరిలోని ఆర్.ఎం.పి. గారు వేడి చేసిందని చెప్పి బి-కాంప్లెక్సు ఇచ్చారు. సాయంత్రానికి జ్వరం వచ్చింది. ఆ రాత్రి తల్లి తిరిగి వచ్చింది. బాబు నోరు చూచి, మాట్లాడకుండా షీట్లు తీసి బిళ్ళలు లెక్కపెట్టింది. ఒక షీటులో ఉండవలసినవి లేవు. ఇంకొకదానిలో అయిపోవలసినవి అలాగే ఉన్నాయి. తెల్లవారేవరకు ఆగకుండా అద్దె కారులో పట్టణానికి తీసుకువెళ్ళారు. అక్కడ ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఈ విరుగుడు ఎంత త్వరగా అందితే అంత మేలు. రక్తకణాలు బాగా పడిపోయాయి. మా యౌవనస్థులు వెళ్ళి రక్తమిచ్చారు. మూడు వారాల తరువాత బాబు ఇంటికి వచ్చాడు. దేవునికి స్తోత్రము.

అమ్మమ్మ మాత్రం నెల దినాలు ఆరాధనకు రాలేదు. మేము వెళ్ళి కూర్చుంటే, "నా చేతులతో నేనే పెట్టాను అయ్యగారూ" అన్న మాట తప్ప ఇంకొక మాట లేదు. తప్పు ఎవరిదని మమ్మల్ని అడిగితే ఆ ముసలితల్లిది కాదంటాము. ఇంగ్లీషులో రెండక్షరాల గుర్తుతో "వారానికొకసారి" అని వ్రాసిన చీటీ, ఒకే కవరులో వేసిన ఒకే రంగు బిళ్ళలు, నోటిమాటగా అప్పగించిన లెక్క, ఇవన్నీ కలిసి ఆమె చేతికి వచ్చాయి. ఇటువంటివి చూచిన తరువాతనే బ్రిటనులో మందులను నియంత్రించే అధికారులు, కీళ్ళవాతం వంటి జబ్బులకు ఈ మందు వ్రాసేటప్పుడు వారంలో ఏ దినమో పూర్తిగా వ్రాయాలని 2020లో డాక్టర్లకు చెప్పారు.

మన దగ్గర ఎవరో చెప్పేవరకు ఆగనవసరం లేదు. డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడే, "అయ్యా, ఏ వారం? ఎన్ని బిళ్ళలు?" అని అడిగి, తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసుకోండి. "ఆదివారం రాత్రి, 6 బిళ్ళలు, మిగిలిన దినాలు వద్దు" అని వ్రాసిన కాగితాన్ని మందు డబ్బాకే అంటించండి. సంఘం ఇచ్చిన వాక్యపు కేలండరులో ఆ వారాలను ఎర్రసిరాతో చుట్టి, వేసిన వెంటనే కొట్టివేయండి. వారపు బిళ్ళకు వేరే డబ్బా ఉండాలి. ప్రతిదినం వేసే బిళ్ళలతో దానిని కలపకూడదు. వేసే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ మనిషి ఊరికి వెళ్ళవలసి వస్తే ఆ వారానికి కావలసిన బిళ్ళలు మాత్రమే విడిగా కట్టి, దినం పేరు వ్రాసి, మిగిలినవి బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్ళాలి. వారానికొకసారి షీట్లు లెక్కపెట్టండి. ఆ బాబును బ్రతికించినది వాళ్ళమ్మ లెక్కపెట్టడమే.

కొత్త షీటు కొన్నప్పుడు బిళ్ళ బలం చూడండి. ఈ మందు 2.5 మిల్లీగ్రాములలోనూ, 5, 7.5, 10 మిల్లీగ్రాములలోనూ దొరుకుతుంది. 2.5 బిళ్ళలు ఆరు వేస్తే 15 మిల్లీగ్రాములు. అలవాటుకొద్దీ 10 మిల్లీగ్రాముల బిళ్ళలు ఆరు వేస్తే 60. షాపువారు "అదే మందండీ, కంపెనీ వేరు" అని చెప్పినా అంకె చదవకుండా ఇంటికి తేవద్దు.

కీళ్ళవాతానికీ, సోరియాసిస్ అనే చర్మవ్యాధికీ ఇదే మందు తక్కువ మోతాదులో వాడే సహోదరీ సహోదరులు మన సంఘాలలో కేన్సరు రోగులకంటె ఎక్కువమంది ఉన్నారు. "మాది కేన్సరు కాదు గదా" అని తేలికగా తీసుకోకండి. వారికి కూడా వారానికి ఒక్క దినమే. వారికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ బిళ్ళ కూడా వేరే దినాలలో ఇస్తారు. అది కూడా చిన్న పసుపు బిళ్ళే కావచ్చు గనుక రెండూ తారుమారు కాకూడదు. కేన్సరు కోసం వాడేవారు మాత్రం బలానికని ఫోలిక్ యాసిడ్ గాని, అది కలిసిన టానిక్కులు గాని అడగకుండా వేసుకోవద్దు. మందు దేనిని అడ్డుకోవాలో దానినే మనం పోసినట్లవుతుంది.

ఒళ్ళునొప్పులకు షాపులో అడిగి తెచ్చుకొనే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బిళ్ళలు ఈ మందు శరీరంలోనుండి బయటికి పోవడాన్ని ఆపవచ్చు. సెప్ట్రాన్ పేరుతో మనకు తెలిసిన యాంటీబయాటిక్ దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. పైన చెప్పిన మూడో బిళ్ళ అదే గదా అని కొందరికి సందేహం వస్తుంది. నిజమే. పిల్లల కేన్సరు డాక్టర్లు రక్తపరీక్షలు చూస్తూ, లెక్క ప్రకారం ఇస్తారు. జలుబుకో మూత్రంలో మంటకో ఊళ్ళో కొనుక్కొని మింగడం వేరు. మెర్కాప్టోప్యూరిన్ వాడేవారికి గౌట్ నొప్పికి ఇచ్చే అల్లోప్యూరినాల్ పడదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, ముందు ఈ మందుల పేర్లు చెప్పాలి. చీటీని సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. పసరు మందులు, కషాయాలు వద్దు. సారా, బ్రాందీ సంగతి విశ్వాసులకు వేరే చెప్పనక్కరలేదు గాని, ఈ మందు కాలేయాన్ని దెబ్బతీయగలదు గనుక చెబుతున్నాము.

బిళ్ళను నూరవద్దు, విరవవద్దు. పిల్లవాడు మింగలేకపోతే ఏంచేయాలో ఆసుపత్రిలోనే అడగండి. వేసేవారు చేతితొడుగులు వేసుకోవాలి, తరువాత చేతులు కడుక్కోవాలి. గర్భిణీలు దీనిని ముట్టుకోకూడదు. ఇది కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. ఈ మందు వాడుతున్న స్త్రీలు గర్భం దాల్చకూడదు. భర్త వాడుతున్నా డాక్టరుగారితో ఆ మాట సిగ్గుపడకుండా మాట్లాడాలి. వేసిన తరువాత వాంతి అయితే మళ్ళీ వేయవద్దు. ఒక వారం మరచిపోతే మరుసటి వారం రెండింతలు వేయవద్దు. రెండు సందర్భాలలోనూ ఆసుపత్రికి ఫోను చేసి అడగడమే మార్గం.

నోటిపూత, 100.4 డిగ్రీల జ్వరం, ఆగని విరేచనాలు, చర్మంమీద ఎర్రని చుక్కలు, చిగుళ్ళనుండి రక్తం, పొడి దగ్గు, ఆయాసం, కళ్ళు పచ్చబడడం, వీటిలో ఏది కనిపించినా ఆ దినమే చికిత్స చేస్తున్న ఆసుపత్రికి కబురు చేయాలి. వేడి చేసిందని మజ్జిగ త్రాగించి ఊరుకోకూడదు. జ్వరం తగ్గించే బిళ్ళ వేసి, తగ్గిపోయిందని కూర్చోకూడదు. రక్తకణాలు తక్కువగా ఉన్నవారికి జ్వరం గంటలలో ముదురుతుంది.

నీళ్ళు బాగా త్రాగాలి. ఈ మందు మూత్రం ద్వారానే పోతుంది. మన మే నెల ఎండలలో విరేచనాలు పట్టుకొని ఒళ్ళు ఎండిపోతే మందు లోపలే నిలిచిపోతుంది. ఇక్కడే ఉపవాస ప్రార్థన మాట వస్తుంది. శుక్రవారం నీళ్ళు కూడా ముట్టకుండా ఉండే అలవాటు మన సంఘాలలో చాలామందికి ఉంది. ఈ మందు వాడుతున్నవారు అలా చేయవద్దని మేము స్పష్టంగా చెబుతున్నాము. వారికోసం ఉపవాసం ఉండడానికి మిగిలిన సంఘమంతా ఉంది.

ఇంకొక సంగతి కొందరికి కష్టంగా తోచవచ్చు. రక్త కేన్సరు పిల్లలకు మొదటి నెలలోనే పరీక్షలో కేన్సరు కణాలు కనబడకుండా పోవచ్చు. ఇంటివారు ఆనందంతో సంఘంలో సాక్ష్యం చెబుతారు. చెప్పవలసిందే. ఆ తరువాత ఎవరో ఒకరు, "స్వస్థత పొందినవానికి ఇంకా మందులెందుకు, అది అవిశ్వాసం కాదా?" అంటారు. కనబడనంత మాత్రాన లేవని కాదు. దాక్కున్న కొద్ది కణాలు మళ్ళీ లేస్తాయి. రెండు సంవత్సరాలకు పైగా బిళ్ళలు ఇచ్చేది వాటికోసమే. మధ్యలో మానివేసిన తరువాత తిరిగి వచ్చిన జబ్బు మొదటిదానికంటె మొండిది. ధనిక దేశాలలో ఈ జబ్బు వచ్చిన పిల్లలలో నూటికి 90 మందికి దగ్గరగా బ్రతుకుతున్నారు. మన దేశంలో అంతమంది బ్రతకకపోవడానికి చికిత్స మధ్యలో ఆపివేయడం ఒక పెద్ద కారణం. హిజ్కియా రాజుకు దేవుడు పదిహేనేండ్ల ఆయుష్షు వాగ్దానం చేసిన తరువాత కూడా, ఆయన పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టమని చెప్పినది ప్రవక్తయైన యెషయానే. ఆ ముద్ద పెట్టినందుకు యెషయాను అవిశ్వాసి అని మనం అనడం లేదు గదా. స్వస్థత కూటాలు జరిపే తోటి సేవకులను బ్రతిమాలుకుంటున్నాము: ప్రార్థన చేయండి, నూనెతో అభిషేకించండి, మందు ఆపమని మాత్రం చెప్పకండి.

సంఘం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. జలుబు, దగ్గు ఉన్నవారు పరామర్శకు వెళ్ళకండి. ఫోనులో ప్రార్థన చేయండి. సండేస్కూలులో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ఆ సంగతి ఈ బిడ్డ తల్లికి ఆ దినమే చెప్పండి. ఇటువంటి పిల్లలకు అది ప్రాణాంతకం కావచ్చు, ముందుగా తెలిస్తే ఇవ్వడానికి మందు ఉంది. ఈ బిడ్డకు ఏ టీకా అయినా, ఇంట్లోని చంటివారికి పోలియో చుక్కలైనా, డాక్టరుగారిని అడిగే వేయించాలి. ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనం ఇచ్చే సంఘాలలో వీరికి విడిగా చిన్న గిన్నెలో ఇస్తే మంచిది. మా సంఘంలో అలాగే చేస్తున్నాము. ఎవరూ ఆక్షేపించలేదు.

చివరిగా, చికిత్స ముగిసినవారి ఇండ్లలోనూ, ప్రియులను ప్రభువునొద్దకు పంపినవారి ఇండ్లలోనూ ఈ బిళ్ళలు మిగిలిపోతాయి. ఖరీదైనవి గనుక పారవేయడానికి మనసొప్పక, ఎవరైనా బీదవారికి ఇమ్మని మాకు తెచ్చి ఇస్తారు. వారి మనసు మంచిదే. అయినా మేము తీసుకోము. చెత్తబుట్టలోనూ, కాలువలోనూ వేయకుండా వాటిని చికిత్స జరిగిన ఆసుపత్రి మందుల విభాగంలో తిరిగి ఇచ్చివేయండి.

రోగి దగ్గర ఏండ్ల తరబడి కూర్చొనేవారి అలసట గురించి ఒక సహోదరి ఉత్తరం వ్రాశారు. వచ్చే సంచికలో దానికి జవాబు వ్రాస్తాము.